ఒకే తొట్టి, మూడు కుళాయిలు

సుభాషిణి తొట్టి మూత తీసి నీటిమట్టం చూసుకుంది. మూడు గొట్టాల్లోనూ మూడు రకాల రుచిబిందువులు నింపింది. ఒకటి బీరు, ఒకటి కల్లు, ఒకటి విస్కీ. గోడకు అవతల, విశ్వవిద్యాలయం పానశాలలో, విద్యార్థులు అప్పటికే కుళాయిల ముందు వరస కట్టారు. ఆ ప్రాంగణంలోకి అసలు మందు రావడం మానేసి చాలా ఏళ్ళయింది. ఆ సంగతి తొట్టిగదిలో పనిచేసేవాళ్ళకే తెలుసు. బయటికి పొక్కనివ్వకపోవడమే వాళ్ళ ఉద్యోగం.

నీళ్ళు తాగి ఏ ప్రాంతంవాళ్ళు ఎలా ఊగుతారో తొట్టిగదిలోని నమ్మకమాపని అనే యంత్రం కొలుస్తుంది. భద్రాచలం అడవుల నుంచి వచ్చిన సోడె లక్ష్మణ్ ముందు పెద్దలను తలుచుకుని నేలమీద నాలుగు చుక్కలు వదులుతాడు. నిమ్మళంగా తాగి నిమ్మళంగా లేచిపోతాడు. భీమవరం యశ్వంత్‌కి రెండో గ్లాసుకే ఒళ్ళు తెలియదు. మందు పడ్డాక మగాడు అలాగే ఉంటాడని పెళ్ళిపందిళ్ళలో చూసి నేర్చుకున్నాడు. కిందటి నెల ఆ ఊపులో లక్ష్మణ్ చెంప పగలగొట్టాడు. లక్ష్మణ్‌కి ఎడమ చెవి వినపడకుండా పోయింది. యంత్రం యశ్వంత్‌కి మత్తులో చేసిన తప్పుకు శిక్ష లేదని మత్తు మినహాయింపు ఇచ్చింది. "మందుల ఉన్నడు, ఆడేం జేస్తడు" అని లక్ష్మణ్ కూడా ఊరుకున్నాడు. నిజం తెలిసిన సుభాషిణి నోరు కుట్టుకుని కూర్చుంది. ఆనాటి నుంచి ఆమెకు అన్నం సయించడం లేదు.

తలుపు తట్టిన చప్పుడుకు ఆమె బయటికి వచ్చి చూస్తే దమయంతి నిలబడి ఉంది. నెల్లూరు పిల్ల. మొన్న స్నేహితుల బలవంతం మీద మొదటిసారి ఒక గ్లాసు తాగింది.

"తాగేదానికి చేతికి కట్టిన ఈ పానపట్టీ తీసేసుకోండి మేడమ్. చదువు మానేసి ఇంటికి పోతా ఉండా."

"ఒక్క గ్లాసుకేనా అమ్మా?"

"మా ఊళ్ళో సారా కొట్టుకి తాళమేసిన మనిషి మా తాతమ్మ. ఆమె పటం ముందర ఏ మొహం పెట్టుకోని నిలబడాల? తల తిరిగింది, వాంతి కూడా అయింది. లోపలికి పోయింది గదా."

నీళ్ళు తాగినందుకు ఈ పిల్ల చదువు పోతోంది. నీళ్ళు తాగి కొట్టినవాడు హాయిగా క్లాసుకు వెళ్తున్నాడు. రెంటికీ నీళ్ళు పట్టింది తనే. సుభాషిణికి తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆమె లోపలికి వెళ్ళి పానశాల వైపు గోడకున్న ఇనప తెర పైకెత్తింది. నమ్మకమాపని గీపెట్టింది. వరసలో ఉన్నవాళ్ళంతా తొట్టినీ, దానికి తగిలించిన మూడు గొట్టాలనూ చూశారు. సుభాషిణి తొట్టిలో గ్లాసు ముంచి గడగడా తాగేసింది.

"ఒట్టి నీళ్ళు. ఇన్నాళ్ళూ మీరందరూ తాగింది ఇవే. తెలిసీ చెప్పకుండా ఉన్నాను, తప్పు నాది."

దమయంతి ఉన్నచోటే కూలబడి ఏడ్చేసింది.

వరసలో ఉన్న యశ్వంత్ చేతిలో గ్లాసు పక్కన పెట్టాడు. "మరి నాకు ఒళ్ళు తెలీలేదు కదండీ" అన్నాడు. అతను వరస చివర ఉన్న లక్ష్మణ్ ఎడమ పక్కకు వెళ్ళాడు.

"ఆ రోజు కొట్టింది మందు కాదు, నేనేరా."

లక్ష్మణ్ కుడి చెవి అతని వైపు తిప్పాడు.

"ఇనపడలె. మల్ల చెప్పు."