నెమళ్ల దర్వాజ

సకల జనుల సమ్మె మొదలై నెల. జగిత్యాలలో బస్సుల్లేవు, బడుల్లేవు. కరెంటు మాత్రం అల్లుడిలా తనకిష్టమైనప్పుడు వచ్చిపోతోంది. రత్నమాల రోజూలాగే పొద్దున్నే మేడ మీది టేకు దర్వాజ తుడుస్తోంది. దర్వాజ నిలబెట్టిన రోజు ఆడబిడ్డలు నోళ్లు తెరిచి చూసిన, దాని మీద చెక్కిన రెండు నెమళ్లకూ ఇప్పుడు మసి పట్టింది. ఎంత తుడిచినా వదలడం లేదు.

పది రోజుల కిందట కింది మడిగెలో పాషా పరుపుల దుకాణం అంటుకుంది. కరెంటు పోయినప్పుడు పత్తి ఏకే మిషన్ స్విచ్చి ఆపడం మరిచిపోయాడు. కరెంటు తిరిగి రాగానే రవ్వలు లేచాయి. ఇంటికున్న ఒక్క మెట్లదారీ పొగతో మూసుకుపోయింది. భర్త శశిధర్ రావు రాస్తారోకోలో ఉన్నాడు. పాషానే వెనక సందులో పరుపులు పరిచాడు. అత్త చిన్నవ్వను రత్నమాల చీరకు కట్టి మేడ మీంచి దించుతుంటే ముడి జారింది. ఆమె తుంటి విరిగింది. ఇక నడవదన్నారు డాక్టర్లు.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. కాలగా మిగిలిన పత్తితో చిన్నవ్వ కోసం కుట్టిన మెత్తటి పరుపు భుజాన వేసుకుని పాషా వచ్చాడు.

"ఏం మొఖం పెట్టుకొని అచ్చినవ్?" శశిధర్ రావు లేచాడు. "ఠాణల దరఖాస్తు ఇస్తున్న. మడిగె ఖాళీ చెయ్యి!"

"తప్పయింది సార్. స్విచ్చి యాదిమరిచిన."

అంతే అన్నాడు. పునాది తీసిననాడే, మడిగె కిరాయికి మాట్లాడుకుంటూ, "అక్కా, నాది పత్తి దుకాణం, ఎనక ఇనుప మెట్లు పెట్టియ్యుండ్రి" అని రత్నమాలను బతిమాలిన సంగతి ఎత్తనే లేదు. ఆ మౌనమే ఆమెను నిలవనీయలేదు.

"ఆయన్ని ఏమనకుండ్రి. ఇంజనీరు ప్లాన్ల ఎనక మెట్లు ఉండె. అవసరం లేదని ఇంజనీరే అన్నడని మీకు అబద్ధం చెప్పిన. మెట్లు, దర్వాజ రెండిటికి పైసలు సాలయంటిరి. నేను దర్వాజ పట్టుకున్న."

"నన్నొక్క మాట అడగకపోతివి?"

"అడిగితే మెట్లే కట్టిస్తరని."

శశిధర్ రావు పాషా తెచ్చిన పరుపు మీదే కూలబడ్డాడు. "నేనన్న గా ప్లాను ఒక్కపారి ఇప్పి సూసిన్నా?" అన్నాడు, ఎవరితోనో అన్నట్టు.

లోపలి నుంచి చిన్నవ్వ పిలిచింది. "మాలా, నీ నెమళ్లు పైలమేనా?"

"మసి పట్టినయి అత్తమ్మా."

"రెక్కలున్న అవ్వేమో ఎగరకపాయె. రెక్కల్లేని నన్ను ఎగిరిచ్చినవ్ గదనే!"

ఎవరూ నవ్వలేదు. రత్నమాల వెళ్లి ఆమె కదలని కాళ్ల దగ్గర తల పెట్టింది. "దర్వాజ అమ్మి మెట్లు కట్టిస్త అత్తమ్మా."

"కట్టియ్యి. నేనైతె దిగ. రేపచ్చే నీ కోడలన్న దిగుతది." ముసలి చెయ్యి కోడలి తల మీద కాసేపు ఆగింది. "ఏడుసుడు తర్వాత గని, పాషను గట్ల నిలబెట్టిన్రేందే? ముందుగాల చాయ పొయ్యి, పో."