ముళ్ళ రాణి అడుగున వేలిముద్ర

రాయపూర్ పండరీ మార్కెట్‌లో మా గది ఒక బట్టల గోదాం పైన ఉండేది. ఇరుకు మెట్లు, రేకు కప్పు, ఒకే ఒక్క కిటికీ. కింద రోజంతా తాన్లు చింపే చప్పుడు. కొత్త బట్టల గంజి వాసన మెట్లెక్కి పైకి వచ్చేది. ఆ గదిలో నేనూ రేచల్ రెండంగుళాల బొమ్మలు చేసేవాళ్ళం. పిల్లలు ఆడుకునేవి కావు. కవచాలు తొడుక్కున్న వీరులు, రెక్కల గుర్రాలు, మూడు తలల మంత్రగత్తెలు. పెద్దవాళ్ళు ఇష్టపడి కొని దాచుకుంటారు, ఇంటికొచ్చిన వాళ్ళకి భూతద్దం ఇచ్చి మరీ చూపిస్తారు.

చెక్కడం నా పని, రంగులు వెయ్యడం రేచల్ పని. వాళ్ళమ్మ రత్నకుమారి గారు నర్సు. మా నాన్న భీమారావు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. మా ఇద్దరిదీ ఒకే కాలనీ. రేచల్ నాకంటే ఆరేళ్ళు చిన్నది, నన్ను అక్కా అనే పిలుస్తుంది.

ఇది రెండు వేల పద్దెనిమిది వానాకాలంలో జరిగింది.

దానికి ముందు నాలుగు నెలలు నాకు ముళ్ళ రాణి అనే కొత్త బొమ్మ తప్ప వేరే ధ్యాస లేదు. అభన్‌పూర్ రోడ్డు పక్క నుంచి ఒక తుమ్మ కొమ్మ విరుచుకొచ్చి, ప్రతి కణుపు దగ్గరా ముళ్ళు ఎలా జంటగా లేస్తాయో చూసుకుంటూ ఆవిడ కవచం చెక్కాను. లోపల సన్నటి తీగ, దాని మీద పుట్టీ, ఆ పుట్టీ ఆరేలోపు సూదితో గీతలు. ఒళ్ళంతా కుదిరింది. ముఖం కుదర్లేదు. ఆరు ముఖాలు చెక్కి ఆరూ గీకేశాను. అన్నీ అందంగానే ఉన్నాయి, ఒక్కదానికీ పొగరు లేదు.

ఏడోది నయా రాయపూర్‌లో దొరికింది. ఏదో కాగితం పని మీద వెళ్ళి బస్సు కోసం నిలబడ్డాను. ఆ వెడల్పాటి ఖాళీ రోడ్డు మధ్యలో ఒక రేజా, ఇటుకలు మోసే కూలీ మనిషి, నెత్తి మీద తట్టతో ఆగింది. వెనకాల ఇద్దరు పసివాళ్ళు రోడ్డు దాటుతున్నారు. తెల్లకారు ఒకటి వచ్చి హారన్ మీద హారన్ కొట్టింది. ఆవిడ కదల్లేదు. పిల్లలు అవతలికి చేరేదాకా కారు అద్దంలోకి సూటిగా చూస్తూ నిలబడింది. ఆ చూపుని బస్సు టికెట్ వెనక గీసుకుని వచ్చాను. ఆ రోజే ముఖం కుదిరింది.

చివర్న పీఠం అడుగున ‘మ’ అని చెక్కాను. మహేశ్వరిలో మ. నా పేరుతో బయటికి వెళ్ళబోయే మొదటి బొమ్మ అది.

అంతకు ముందు తొమ్మిదేళ్ళు నేను నాగబాబు మాస్టారి దగ్గర పనిచేశాను. పని నేర్పింది ఆయనే, కాదనను. కానీ అక్కడ ఎవరు ఏ బొమ్మ చెక్కినా, పుట్టీ ఆరకముందే ఆయన వచ్చి పీఠం అడుగున తన కుడి బొటనవేలు నొక్కేవారు. ఆ వేలికి అడ్డంగా బ్లేడుతో తెగిన మచ్చ ఉండేది. ఆ ముద్రతోనే బొమ్మలు దేశదేశాలకి వెళ్ళాయి, ఆయన పేరుతోనే బహుమతులు తెచ్చాయి. నేను చెక్కినవి అందులో నూటికి పైనే. ఒకసారి నా పేరు కూడా వెయ్యమని అడిగితే నవ్వారు. “ఆ చేతులు నీవనుకుంటున్నావా మహేశ్వరీ? నేను నేర్పిన చేతులవి. నావి.”

ఆ ఏడు ఫిబ్రవరిలో ఆయన్ని ఆస్పత్రిలో ఆఖరిసారి చూశాను. మాట సరిగ్గా రావడం లేదు. పళ్ళకి గుడాకు రుద్దే అలవాటు ఆ మంచం మీద కూడా మానలేదు, తీయటి పొగాకు కంపు. నా కుడి అరచెయ్యి లాక్కుని నడిమధ్యలో బొటనవేలు నొక్కి పట్టుకున్నారు.

“నా ముద్ర లేకుండా... నీ బొమ్మ గడప దాటదు.”

మూడో రోజు పోయారు.

ముళ్ళ రాణిని అచ్చులో పోసింది జులైలో ఒక ఆదివారం మధ్యాహ్నం. కింద మార్కెట్ బంద్. బయట ఎడతెగని వాన. బొమ్మ చుట్టూ సిలికాన్ పోసి, రెండు ముక్కల మెత్తటి అచ్చు అంతకు ముందు రోజే తీసి పెట్టుకున్నాను. ఆ అచ్చులో టాల్కం పౌడర్ చల్లి, రెండు సీసాల్లోని రెజిన్ కలిపి పోస్తే, ఇరవై నిమిషాల్లో తనంతట తానే వేడెక్కి గట్టిపడుతుంది. అచ్చు విప్పితే బొమ్మ.

మొదటిది చక్కగా వచ్చింది. ఒక్క ముల్లు కూడా విరగలేదు. రేచల్ చప్పట్లు కొట్టింది. బొమ్మని తిరగేసి చూసి, “ఇదేంటక్కా, పేరు చెక్కానన్నావుగా? వేలెందుకు నొక్కావు?” అంది.

అడుగున ‘మ’ లేదు. బొటనవేలి ముద్ర ఉంది. అడ్డంగా ఒక మచ్చ.

అచ్చు తీసి దీపం కింద పెట్టి చూశాను. అచ్చులో నా ‘మ’ తిరగబడి, స్పష్టంగా ఉంది. ముద్ర జాడే లేదు. లేని గుర్తు బొమ్మ మీదికి ఎలా వస్తుంది?

“బుడగ పడి ఉంటుందిలే,” అన్నాను. బుడగకి గీతలుండవని ఇద్దరికీ తెలుసు.

రెండోది పోశాం. ఇరవై నిమిషాలు. విప్పాం. మళ్ళీ వేలిముద్ర, ఇంకా లోతుగా.

మూడోది పోసేటప్పుడు రేచల్ చెయ్యి ఆగిపోయింది. “అక్కా, నువ్వేమైనా గుడాకు తెచ్చావా?”

నాకూ వచ్చింది ఆ కంపు. రెజిన్ ఘాటు మీదుగా, తడిసిన గోడల వాసన మీదుగా... తీయగా, దగ్గరగా. ఎవరో నా భుజం పక్క నుంచి వంగి పని చూస్తున్నట్టు.

కరెంటు పోయింది. వాన చీకటి గదంతా నిండింది.

“చలో అక్కా, వెళ్ళిపోదాం,” రేచల్ గుసగుసగా అంది. “రేపు చేద్దాం. పాస్టర్ గారిని పిలుద్దాం.”

“రేపు చేసినా ఇదే వస్తుంది. నువ్వెళ్ళు. నేను పోసే వెళ్తాను.”

రేచల్ వెళ్ళలేదు. గుమ్మం దగ్గర నిలబడి, ఫోన్ లైటు నా బల్ల మీదికి వేసి, నోట్లోనే ప్రార్థన చేసుకుంటోంది. ఆ వెలుతురులోనే మూడో బొమ్మ పోసి, గట్టిపడ్డాక విప్పాను. ముద్ర ఎంత లోతుకి దిగిందంటే, పీఠం రెండుగా పగిలింది.

అప్పుడు కింద చప్పుడైంది.

పర్‌ర్... తాను చింపిన చప్పుడు. గోదాం షట్టరుకి బయట తాళం ఉంది. లోపల ఎవరూ లేరు. పర్‌ర్... మళ్ళీ. ఈసారి మెట్ల మీద. తర్వాత ఆగిపోయింది.

బల్ల మీద పౌడర్ ఒలికి తెల్లగా పరుచుకుని ఉంది. ఆ తెలుపులో, అవతలి అంచున, ఒక గుంట పడింది. బొటనవేలంత.

నేను కదల్లేదు.

దాని పక్కన ఇంకొకటి. ఇంకొకటి. ఒక్కొక్కటే... నా వైపు. ప్రతి ముద్రకీ అడ్డంగా మచ్చ. రేచల్ ప్రార్థన ఆగిపోయింది. ముద్రలు నా కుడిచేతి దాకా వచ్చి ఆగాయి.

అరచేతి మధ్యలో చల్లగా తగిలింది. నొక్కింది.

నా వేళ్ళు వాటంతట అవే ముడుచుకుని బల్ల మీది సూది తీసుకున్నాయి. నేను తియ్యలేదు. చెయ్యి అసలు బొమ్మ మీదికి వెళ్ళింది, నేను నాలుగు నెలలు చెక్కిన పుట్టీ బొమ్మ మీదికి. సూది మొన రాణి కళ్ళ దగ్గర ఆగి, ఆరిన పుట్టీని గీకుతూ పై రెప్పల్ని కిందికి దించడం మొదలుపెట్టింది. చూపు దించుతోంది. ఆ రేజా చూపు... మెల్లమెల్లగా తలవంచుతోంది.

చెవి పక్కన గాలి కదిలింది.

“నావి... ఈ చేతులు... నావి...”

భయం వేసింది. కానీ ఆ భయం కింద నుంచి ఇంకోటి లేచింది. తొమ్మిదేళ్ళు నోరు మూసుకుని మింగినదంతా లేచింది.

ఎడమ చేత్తో నా కుడి మణికట్టు పట్టుకుని వెనక్కి లాగాను. అది నా మాట వినలేదు. ఒళ్ళంతా బరువు వేసి లాగితే సూది జారి కింద పడింది.

“రేచల్, ఇటు రా. నా కుడిచెయ్యి వెనక్కి కట్టెయ్.”

“అక్కా...”

“కట్టెయ్!”

ఏడుస్తూనే వచ్చింది. తన చున్నీ తీసి నా చెయ్యిని వీపు వెనక నడుముకి బిగించి కట్టింది. కట్టులోపల చెయ్యి కొట్టుకుంటోంది, వల్లో చేపలా.

గది మధ్యలో నిలబడి గట్టిగా అన్నాను. “మాస్టారూ, కుడిచెయ్యి మీరు నేర్పింది. సరే, కావాలంటే తీసుకోండి. ఎడమ చేతికి మీరు ఏమీ నేర్పలేదు. ఏ రోజూ దాని వంక చూడలేదు కూడా. ఈ బొమ్మ ఇప్పుడు అది పోస్తుంది.”



ఎడమ చేత్తో సూదందుకుని ముందు రాణి చూపు సరిచేశాను. చిన్నపిల్ల మొదటిసారి పలక పట్టినట్టు వణికింది చెయ్యి. రెప్పలు ఒకటి పైకీ ఒకటి కిందికీ వచ్చాయి. అచ్చులో ఉన్నవి కుడిచెయ్యి చెక్కిన కళ్ళే కాబట్టి, వాటినీ బ్లేడు మొనతో అలాగే తీర్చాను. పాత అక్షరాన్ని కోసేసి కొత్త ‘మ’ తిరగేసి గీశాను. వంకరగా, లావుగా వచ్చింది. రేచల్ సీసాలు పట్టుకుంటే నేను కలిపి పోశాను.

ఇరవై నిమిషాలు.

ఆ ఇరవై నిమిషాలూ పౌడర్‌లో ముద్రలు పడుతూనే ఉన్నాయి. అచ్చు చుట్టూ తిరిగాయి. ఒకదాని మీద ఒకటి, వేగంగా... కోపంగా. గుడాకు కంపుకి రేచల్ వాంతి చేసుకుంది. నేను అచ్చు మీద ఎడమ చెయ్యి బోర్లించి, కదలకుండా కూర్చున్నాను. లోపల రెజిన్ వేడెక్కుతోంది. నా వేళ్ళ మధ్య, వేళ్ళ మీద, ఐస్ ముక్కలాంటిది తడుముతోంది. దారి వెతుకుతోంది.

“లేదు మాస్టారూ,” అన్నాను. “ఇక్కడ లేదు.”

విప్పాను. రాణి బయటికి వచ్చింది. ఒక కన్ను కాస్త పెద్దగా, ఒకటి చిన్నగా, కారు అద్దంలోకి చూస్తున్న ఆ మనిషి లాగే. తిరగేసి చూశాను. వంకర ‘మ’. అంతే.

కట్టులోపల కుడిచెయ్యి ఒక్కసారిగా వాలిపోయింది. కంపు పోయింది. బల్ల మీద పౌడర్, ఎవరో అరచేత్తో సర్దినట్టు, నున్నగా ఉంది.

వారం పాటు కుడిచెయ్యి మొద్దుబారి ఉండి తర్వాత బాగైంది. ముప్ఫై బొమ్మలు పోశాను, అన్నీ ఎడమ చేత్తోనే. రేచల్ రంగులు వేసింది. అన్నీ నా పేరుతో గడప దాటాయి. మాస్టారు మళ్ళీ రాలేదు. వస్తే ఏం చెప్పాలో నాకు తెలుసు.

సెప్టెంబరులో బిలాస్‌పూర్ నుంచి భాగ్యశ్రీ అనే ఆవిడ ఫోన్ చేసింది. రాణిని కొన్న మనిషి. చాలా మెచ్చుకుంది. తర్వాత కాస్త ఆగి, మొహమాటంగా అడిగింది.

“దీదీ, బొమ్మ మీద గాజు బుడ్డీ బోర్లించి పెట్టాను. రోజూ పొద్దున్నే లోపలివైపు ఆవిరి పడుతోంది. పెసరగింజంత. సరిగ్గా మూతి ఎదురుగా. తుడిస్తే మళ్ళీ వస్తోంది. రంగులో తేమేమైనా ఉందా?”

“ఉండి ఉంటుంది,” అన్నాను.

ఫోన్ పెట్టేసి, ఆ ఆదివారం పోసి నాకోసం దాచుకున్న రాణిని అల్మరాలోంచి తీశాను. ఫోన్ అద్దం చీరకొంగుతో తుడిచి, రాణి మూతి ముందు పట్టుకున్నాను. నా ఊపిరి తగలకుండా బిగబట్టాను. పది లెక్కపెట్టాను. ఇరవై.

నల్లటి అద్దం మీద పెసరగింజంత తెల్లటి ఆవిరి లేచింది. ఆరిపోయింది. మళ్ళీ లేచింది...