మట్టి తడి ఆరకముందే

"ఆగరా! నీకు దణ్ణం పెడతాను, ఆగరా నాన్నా!" అని అరుస్తూ ఆమె చెప్పులైనా లేకుండా వీధిలో పరుగెత్తుతోంది. ముందు కొడుకు. కొడుకు చేతిలో రాళ్లు పగలగొట్టే సుత్తి! జనం గుమ్మాల్లోకొచ్చి చోద్యం చూస్తున్నారే గాని, ఒక్కరైనా అడ్డం పడితేనా... ఇవాళ ఎవరో ఒకరు చస్తారు! అల్లుడైతే కూతురి బతుకు బుగ్గి, కొడుకైతే తన కడుపు బుగ్గి! ఆమె మనసు అప్పుడే ఇద్దరి శవాలనూ పక్కపక్కన పడుకోబెట్టేసింది.

కొడుకూ అల్లుడూ విగ్రహాలు చేసేవాళ్లే. ఇద్దరికీ పని నేర్పింది పోయిన ఆమె భర్తే. ఆయన పెట్టిన పద్ధతి ఒకటుంది. పనిలో తప్పు కనబడితే మట్టి తడిగా ఉండగానే, తలుపు మూసి, చేసినవాడికే చెప్పాలి. అచ్చు తీసి లోహం పోశాక నలుగురిలో నోరెత్తకూడదు. మరి ఈ పొద్దున ఏం జరిగింది? కూడలిలో కొడుకు చేసిన నిలువెత్తు విగ్రహానికి తెర తీశారు. రెండు మాటలు చెప్పమని మైకందిస్తే అల్లుడు ఏమన్నాడూ? "మా బావ చేతికి వంక లేదు గానీ, మనిషి ఆ కాళ్ల మీద నిలబడలేదు... వేలాడుతున్నాడు!" అన్నాడు. జనం విరగబడి నవ్వారు!

అల్లుడి షెడ్డు తలుపు ఒక్క తన్నుకి గోడకు కొట్టుకుంది. లోపల తడిగుడ్డ కప్పిన మట్టిబొమ్మ, పక్కనే అల్లుడూ కూతురూ.

"ఏం బావా, ఉరేశానా నేను మనిషిని?"

"నోరు జారింది బావా..."

"జారిందా? వాళ్లు నవ్వుతుంటే చేతులు వేలాడేసి మరీ చూపించావు!"

కొడుకు అల్లుణ్ణి చొక్కా పట్టి గోడకేసి బాదాడు. పెదవి చిట్లి నెత్తురు కారింది. అల్లుడు ఇనుప చువ్వ అందుకుని అతని భుజం మీద ఒక్కటి వేశాడు!

"వదులన్నయ్యా!" కూతురు మధ్యలో దూరింది. "పొద్దుట్నుంచీ నేను దులుపుతూనే ఉన్నాను, ఇంక నీ వంతు కూడా ఎందుకు!"

చెల్లెల్ని పక్కకు నెట్టి సుత్తి పైకెత్తాడు... అల్లుడి బొమ్మ మీదికి! వెనకే పరుగెత్తుకొచ్చిన తల్లి ఏమీ ఆలోచించలేదు. చెయ్యి అడ్డం పెట్టింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది.

"అమ్మా!" సుత్తి జారి కిందపడింది.

"నా చెయ్యి పోతే పోయిందిరా... అతనన్నది అబద్ధమా? అది చెప్పు!"

కొడుకు కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "అబద్ధమైతే నేనూ నవ్వి ఊరుకుందునమ్మా... నిజమే! అయితే మాత్రం నలుగురిలోనా? నా కూతురు ముందు వరసలో కూర్చుంది. జనంతో పాటు అదీ నవ్విందమ్మా!"

అల్లుడి చేతిలోని చువ్వ నేల మీద పడింది. "తెర తీశాకే చూశాను బావా... ఇంటికొచ్చి చెబుదామనే అనుకున్నాను. ఆ నవ్వులు వినబడేసరికి... నీ మొహం చూడ్డం మర్చిపోయాను!"

కొడుకు పెనుగులాటలో గుడ్డ జారిన మట్టిబొమ్మ వైపే చూస్తున్నాడు. చాలాసేపు చూశాడు. వాకిట్లో మూగిన జనాన్నీ చూశాడు. "మీరిద్దరూ బయటికెళ్లండి," అని తల్లినీ చెల్లెల్నీ పంపించి తలుపు దగ్గరగా వేశాడు.

కూతురు పాతగుడ్డ చింపి చేతికి కట్టు కడుతోంది. ఆమె చెవులు మాత్రం తలుపుకే అతుక్కుపోయాయి. అరుచుకున్నా బాగుండును! ఆ నిశ్శబ్దమేమిటి... సుత్తీ చువ్వా రెండూ లోపలే ఉండిపోయాయే! అంతలో ధబ్బుమని ఏదో నేలకూలింది.

"చంపేశాడు! నా కొడుకు చంపేశాడు!" భుజంతో తలుపు తోసుకుంటూ లోపలికి పడింది. నేల మీద తల! కెవ్వుమంది.

మట్టి తల.

ఇద్దరూ మోచేతుల దాకా మట్టిలో ఉన్నారు. "నేనే తీగతో కోశానత్తయ్యా," అన్నాడు అల్లుడు, చిట్లిన పెదవితో. "మెడ పక్కకి పోయింది. ఇన్నాళ్లూ చూస్తూనే ఉన్నా నాకు కనబడలేదు, బావకి..."

"మెల్లగా అను! బయట జనమున్నారు," అని కసిరాడు కొడుకు. కళ్లింకా ఎర్రగానే ఉన్నాయి. "తలుపెయ్యమ్మా. నా విగ్రహానికి కాళ్లు ఎలా ఉండాలో బావ నాకింకా చెప్పలేదు."

ఆమె వాకిలి వైపు తిరిగింది. "ఏముందిక్కడ చూడ్డానికి? పని చేసుకుంటున్నారు, పొండి!" అని బాగున్న చేత్తో తలుపు మూసేసింది. అప్పటికి గాని రెండో చెయ్యి విరిగిన బాధ ఆమెకు తెలిసిరాలేదు.