అమ్మతో మాట్లాడేది

హాస్టల్లో ఆ పిల్లని అందరూ రాయి అని పిలిచేవాళ్ళు. ఎవరు ఏమడిగినా బెల్లంకొట్టిన రాయిలా కూర్చుంటుంది కాబట్టి ఆ పేరు అతికినట్టు సరిపోయింది. భోజనాల హాల్లో పక్కవాళ్ళు పగలబడి నవ్వుతుంటే, ఆమె మెడ వంచి ఫోన్లోకి చూస్తూ చల్లారిన అన్నం కెలుకుతూ ఉండేది. చిత్రమేమిటంటే, ఆ ఫోన్లో ఆమె రాయి కాదు. ముఖం తెలియని వాళ్ళతో గలగలా మాట్లాడేది. ఆటపట్టించేది. ఎవరికైనా మనసు బాగోలేదంటే తెల్లారేదాకా కూర్చుని ఓదార్చేది. తనలోని మనిషినంతా తీసి అందులో పోసేసింది, బయట తిరగడానికి కాస్తయినా మిగుల్చుకోలేదు.

ఆమెకి ఉన్నది అమ్మ ఒక్కతే. ఊళ్ళోవాళ్ళ బట్టలు కుట్టి కూతుర్ని చదివిస్తున్న అమ్మ. రోజూ సాయంత్రం కుట్టుమిషను ఆపి ఫోన్ చేసేది. ఇవతల నుంచి "ఊ", "ఆ", "తిన్నా", "ఉంటా". అంతే. సెలవులకి ఇంటికెళ్ళినా అదే వరస. "నాతో మాట్లాడితే నీ నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయా ఏమిటే" అని అమ్మ నవ్వుతూనే అడిగేది. ఆ నవ్వు వెనక ఏముందో తలెత్తి చూస్తే కదా తెలిసేది.

ఒక సబ్జెక్టు తప్పాక రాయికి భయం పట్టుకుంది. మళ్ళీ తప్పితే ఇంకో ఏడాది చదివించే ఓపిక అమ్మకి లేదు. అప్పుడు గదిలో ఉండే స్నేహితురాలు నడుం బిగించింది. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ సలహాలిస్తుంది కనక ఆవిడ పేరు డాక్టరమ్మ.

"పరీక్షలయ్యేదాకా నీ ఫోన్ నాకిచ్చెయ్యవే. ఆపేసి నా పెట్టెలో పెట్టి తాళం వేస్తా. కాళ్ళు పట్టుకున్నా ఇవ్వను."

"మరి అమ్మ?"

"చదువుకుంటోంది, ఫోన్ చెయ్యొద్దని నా ఫోన్లోంచి చెప్తాలే."

మొదట్లో మాటిమాటికీ దిండు కింద తడుముకునేది. లేని ఫోన్ మోగుతున్నట్టు వినిపించేది. పోనుపోను నిద్ర పట్టింది, పుస్తకం తలకెక్కింది. చివరి పరీక్ష రాసొచ్చిన మధ్యాహ్నం ఆమె ఆకలేసి అన్నం తింది. అలా తిని చాలా కాలమైంది.

డాక్టరమ్మ పెట్టె తీసి ఫోన్ చేతికిచ్చింది. ఛార్జింగు పెట్టి తెరిచి చూస్తే, తన పేరుతో అమ్మకి రాసిన మాటలు... కుప్పలు తెప్పలుగా ఉన్నాయి. ఫోన్ పెట్టెలో ఉన్నన్నాళ్ళూ రోజూ సాయంత్రం, ఒక్క పూట తప్పకుండా. "తిన్నావా అమ్మా? నడుం నొప్పి తగ్గిందా? అంతసేపు వంగి కుట్టకు." మధ్యలో చిలిపి మాటలు. చిన్నప్పుడు సూది మింగేశానని అబద్ధమాడి అమ్మని హడలగొట్టిన సంగతి. దానికి అమ్మ పడీ పడీ నవ్వినట్టు రాసింది. చివర్న "బంగారం" అంది. అమ్మ తనని ఆ మాటతో పిలవడం మానేసి ఎన్నేళ్ళయిందో.

రాయికి ఒళ్ళు మండిపోయింది. "నేనేనంటూ మా అమ్మతో ఆడుకున్నావా? నమ్మించి గొంతు కోశావు కదే."

డాక్టరమ్మ తెల్లబోయింది. "నేను ముట్టుకుంటే ఒట్టు. నీ లాక్ ఏంటో కూడా నాకు తెలీదు."

"సూది సంగతి అమ్మకీ నాకూ తప్ప ఎవరికీ..."

అని ఆగిపోయింది. నిజమే. ఎవరికీ తెలియదు.

అప్పుడే బల్ల మీద ఫోన్ వెలిగింది. ఇద్దరూ చూశారు. ఎవరి వేలూ తగల్లేదు. తెర మీద ఒక్కొక్క అక్షరమే పడుతోంది... "పరీక్షలైపోయాయి అమ్మా. ఇవాళ వచ్చేస్తున్నా."

వెంటనే జవాబొచ్చింది. "రా బంగారం. ఎదురుచూస్తుంటా."

డాక్టరమ్మ ఫోన్లోంచి అమ్మకి చేశారు. అమ్మ వేరే కాల్‌లో ఉంది. మళ్ళీ చేసినా అంతే.

రాయి తన ఫోన్ అక్కడే వదిలేసి బస్సెక్కింది. దారి పొడవునా వాన. అది నేను కాదమ్మా అని చెప్పాలి. ఇకమీదట అవన్నీ తనే అడగాలి. తిన్నావా, నడుం ఎలా ఉంది, ఇవాళ ఎవరొచ్చారు... పాఠం బట్టీ పట్టినట్టు పెదాలు కదుపుతూ కూర్చుంది.

దిగేసరికి చీకటి పడుతోంది. వీధి దీపాలు వెలగలేదు. ఇంటి తలుపు ఓరగా తీసి ఉంది. లోపల్నుంచి మిషను నూనె వాసన, కొత్త గుడ్డ వాసన. మిషను చప్పుడు మీదుగా రెండు నవ్వులు వినిపించాయి. ఒకటి అమ్మది. రెండోది... తనది. అంత హాయిగా తనెప్పుడూ నవ్వలేదు. గొంతు మాత్రం తనదే.

అమ్మ మిషను దగ్గర కూర్చునుంది. అమ్మ ఫోన్ దారాల డబ్బాకి ఆనించి ఉంది. గదిలో ఆ వెలుతురు తప్ప దీపం లేదు. కూతుర్ని చూసి అమ్మ ఉలిక్కిపడలేదు. పెదాల మీద వేలు పెట్టుకుని లేచి వచ్చి, గుమ్మంలోనే ఆపేసింది.

"అది నేను కాదమ్మా," అంది రాయి గుసగుసగా.

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మొదటిరోజే. తిన్నావా అని అడిగింది."

"తెలిసీ మాట్లాడుతున్నావా? అదెవరో... ఏమిటో..."

"ఏదైతేనేం?" అమ్మ గొంతులో కోపం లేదు. కోపముంటే బాగుండేది. "నే చెప్పేది చివరిదాకా వింటుంది. నువ్వు విన్నావా ఎప్పుడైనా?"

బట్టీ పట్టిన మాటలన్నీ వెతుక్కుంది. "తిన్నావా అమ్మా," అంది చివరికి. అమ్మ ఆమె చెంప నిమిరింది. వానలో తడిసొచ్చిన పరాయి పిల్లని నిమిరినట్టు.

మిషను వైపు నుంచి ఆ గొంతు. "ఎవరమ్మా వచ్చింది?"

అమ్మ కూతురి కళ్ళలోకి చూసింది.

"ఎవరూ లేరు బంగారం. గాలికి తలుపు కొట్టుకుంది."

లోకమంతా కాదన్నా రాయి తట్టుకునేదేమో. అన్నది అమ్మ. కన్నతల్లి.

"వెళ్ళిపో తల్లీ," అమ్మ చెవిలో గొణిగింది. "కూతుళ్ళిద్దరూ ఒక్కచోట ఉంటే దానికి నచ్చదు. అది ఇంటి దగ్గరికొచ్చేసింది."

అమ్మ వెనక్కి వెళ్ళి దారం కొరికింది. కుట్టడం అయిపోయిన డ్రెస్సు దులిపి భుజాల దగ్గర ఎత్తి పట్టుకుంది. భుజాలు కూతురి భుజాలంతే ఉన్నాయి. చేతులు మాత్రం జారి... జారి... నేలకి తగిలి, ఇంకా మిగిలి, మడతలు పడ్డాయి.

అమ్మ వాటిని వేళ్ళతో కొలిచి పెదవి విరిచింది. "నువ్వు చెప్పినదానికంటే చేతులు పొట్టయ్యాయేమోనే."

"వేసుకుని చూద్దాంలే అమ్మా," అంది ఆ గొంతు, ఈసారి ఫోన్లోంచి కాదు. "గుమ్మంలోనే ఉన్నాగా."

గుమ్మంలో ఉన్నది రాయి ఒక్కతే.