పేజీకో దారప్పోగు

సంవత్సరంలో ఆఖరి రోజు. పొయ్యి మీద పాలు పెట్టి ఆవిడ హాల్లోకి తొంగి చూసింది. అనుకున్నట్టే ఆయన భోజనాల బల్ల దగ్గర పాత కంప్యూటర్ తెరుచుకుని, కిటికీలోంచి మంచు వంక చూస్తూ కూర్చున్నాడు. ఎదురు మేడ కింది అంతస్తులు మంచులో మాయమైపోయి, పైవి మాత్రం గాలిలో తేలుతున్నాయి. ఇలాంటి పొద్దులంటే ఆయనకి ప్రాణం. ఇక ఉలుకూ పలుకూ ఉండదు.

ఆయన లిఫ్టు మెకానిక్. ఎత్తైన మేడల మీద మోటారు గదుల్లో పని. అక్కణ్ణించి కనిపించే మబ్బుల గురించి, నీళ్ళ ట్యాంకుల గురించి, తీగల మీద ఆరేసిన దుప్పట్ల గురించి రాసుకోవడానికి ఒక వెబ్‌సైటు పెట్టుకున్నాడు. దాని పేరు 'పై అంతస్తు'. నలుగురూ గుమిగూడే పెద్ద యాప్‌లలో కాదు, తన చేత్తో కోడు రాసుకుని ఒక్కో పేజీ విడిగా కట్టుకున్న సొంత చోటు. అక్కడ లైకులుండవు, ప్రకటనలుండవు. ఆయనలాగే సొంత సైట్లు పెట్టుకున్నవాళ్ళు, నాచు గురించి రాసే ఒకావిడ, పాత రేడియోలు విప్పి చూసే ఇంకొకాయన, అప్పుడప్పుడూ వచ్చి పలకరించి పోతుంటారు. ఏడాది చివర అందరూ ఆ ఏడాది ఎలా గడిచిందో ఒక పేజీ రాస్తారు. ఒకరిది ఒకరు చదువుకుంటారు. వాళ్ళకదో సరదా.

ఆవిడ దర్జీ. వేసవి దాకా ఆవిడకి వీధి మలుపులో సొంత కొట్టుండేది. ఆ మేడ పాతబడిందని కూల్చేశారు. కుట్టు మిషను ఇంటికొచ్చి వెనక గదిలో దుప్పటి కప్పుకుని పడుకుంది. రేపు తీద్దాం, ఎల్లుండి తీద్దాం అనుకుంటూ ఆవిడ దాని మొహం చూడలేదు. కుట్టమని వచ్చినవాళ్ళని కూడా గుమ్మంలోంచే పంపించేసింది.

కాఫీ ఇస్తుంటే ఆయన చెయ్యి అలవాటుగా ఆవిడ భుజం వైపు లేచింది. సగంలో ఆగి, కప్పందుకుంది. కొట్టున్నన్నాళ్ళూ ఆవిడ ఇంట్లో అడుగు పెట్టగానే, "పోగు అంటుకుంది, ఉండు" అని బట్టల మీదినుంచి దారప్పోగు తీసేవాడు. ఒట్టి చాదస్తం అని ఆవిడ విసుక్కునేది. ఇప్పుడా చాదస్తం కూడా లేదు. ఆ మాత్రం ముట్టుకోవడం కూడా పోయింది.

"ఈ ఏటి పేజీ పెట్టావుట్రా?" అంది పెద్దావిడ సోఫాలోంచి. ఆయన తల్లి. కొడుకు రాసింది కాఫీ కంటే ముందు చదవాలి ఆవిడకి. ఫోను ముక్కుకి ఆనించుకుని చూస్తుంది.

"పెట్టానమ్మా, ఇప్పుడే."

పెద్దావిడ గొంతు సవరించుకుని పైకి చదవడం మొదలుపెట్టింది. "'ఈ ఏడాది మోటారు గదిలో పావురం గూడు పెట్టింది. దాన్ని లేపబుద్ధి కాక సాయంత్రం దాకా పని ఆపాను. కింద అందరూ మెట్లెక్కారు, నన్ను తిట్టుకునే ఉంటారు. ఎవరూ అడగని ఈ రాతలెందుకని నన్ను నేను అడుగుతుంటాను. జవాబు దొరకదు. అయినా మబ్బు పట్టగానే మళ్ళీ కూర్చుంటాను. నాచు గురించి రాసే ఆవిడ కూడా ఇదే మాట రాసింది. ఎక్కడో ఇంకో కిటికీలో దీపం చూసినట్టనిపించింది.'" ఫోను దింపి, "హాయిగా ఉందిరా, నిద్రొస్తోంది" అంది. ఆవిడ మెచ్చుకోలంటే అంతే.

కోడలు తలుపుకి ఆనుకుని నిలబడింది. "అయిపోయిందా అత్తయ్యా?"

"అయిపోయిందమ్మా."

"పావురం ఉంది. నాచావిడ ఉంది. మెట్లెక్కినవాళ్ళు కూడా ఉన్నారు." ఒక్కొక్కటే వేళ్ళ మీద లెక్కపెట్టింది. "నా కొట్టు పోయింది ఈ ఏడాదే కదండీ. మీ ఏడాదిలో నేనెక్కడున్నాను?"

ఆయన కప్పు కింద పెట్టాడు. "రాయొద్దన్నావుగా."

"ఎప్పుడన్నాను?"

"సైటు పెట్టిన కొత్తలో. నీ గురించి రాస్తే మీ చెల్లెలు చదివి ఆటపట్టించింది. 'నన్ను నలుగురి నోళ్ళలో పెట్టకండి' అన్నావు. తీసేశాను. మళ్ళీ రాయలేదు."

అన్నది నిజమే. గుర్తొచ్చాక ఆవిడకి ఇంకా ఒళ్ళు మండింది. "ఎప్పుడో అన్న మాట ఇంకా పట్టుకు వేలాడుతున్నారా? నేను వెనక గదిలో కూర్చుని ఏడుస్తుంటే మీరు ముందు గదిలో మబ్బుల గురించి రాసుకున్నారు. ఒక్కసారి వచ్చి 'ఎలా ఉన్నావే' అని అడిగారా? నావైపు చెయ్యి చాచడం కూడా మానేశారు."

రాతలో తప్ప ఆయనకి మాటలు రావు, అదొక జబ్బు. చివరికి నెమ్మదిగా అన్నాడు. "నీకంత బాధగా ఉంటే తీసేస్తాను. మొత్తం సైటు. ఇవాళే తీసేస్తాను."

అంతలోనే ఎక్కడో లిఫ్టు ఆగిపోయిందని ఫోనొచ్చింది. మోచేతి దగ్గర చిరిగిన యూనిఫాం చొక్కా కుర్చీకే వదిలేసి, కోటు తగిలించుకుని, సంచీ తీసుకుని వెళ్ళిపోయాడు.

పెద్దావిడ కోడలి వైపు తిరిగింది. "మీ గొడవ మీది. వాడు తీసేస్తే నాకు పొద్దెలా గడుస్తుంది? ఇంతకీ నువ్వు అదెప్పుడైనా తెరిచి చూశావా?"

"నేను లేని చోట నాకేం పని అత్తయ్యా?"

"లేవని నీకెవరు చెప్పారు, చూడందే?" అని ఫోను చేతిలో పెట్టింది.

విసురుగానే తెరిచింది. వేలితో తోస్తుంటే పాత పేజీలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఒక్కో పేజీకి ఒక్కో రంగు. ఒకచోట వేలు ఆగిపోయింది. ముదురు వంకాయ రంగు. ఆ రంగు ఆవిడకి తెలుసు.

"ఇది సంగీతం టీచరు గౌను," అంది. "చేతులు బిగుతని మూడుసార్లు విప్పించింది మహాతల్లి."

ఇంకో పేజీ. లేత ఆకుపచ్చ. అది ఆస్పత్రి తెరలకి వాడిన దారం. ఇంకోటి ఇటుక రంగు, స్కూలు పిల్లల కోట్లు కుట్టిన రోజులవి. కింద తేదీలు కూడా అవే. ఆవిడ బల్ల మీది కంప్యూటర్ వంక చూసింది. కంప్యూటర్ తెర అంచున ఎప్పుడూ టేపుతో ఏవో పోగులు అంటించి ఉండేవి. ఏమిటీ చెత్త అని ప్రతి వారం తుడిచి పారేసేది తనే. ఆయన ఒక్కనాడూ ఏమీ అనలేదు. మర్నాడు మళ్ళీ ఇంకో పోగు ఉండేది. ఆ పోగు పక్కన పెట్టుకుని, పేజీకి అదే రంగు వచ్చేదాకా కలుపుకునేవాడన్నమాట.

వేసవి తర్వాత పేజీలన్నీ తెల్లగా ఉన్నాయి. ఒకదాని కింద, చిన్న అక్షరాల్లో, నాచావిడ అడిగింది: "ఈమధ్య మీ పేజీలకి రంగుండటం లేదు, బాగున్నారా?" కింద ఆయన జవాబు.

"రంగు నాది కాదండీ. రోజూ ఒకరి భుజం మీద మా ఇంటికొచ్చేది. కొన్నాళ్ళుగా రావడం లేదు. ఆ మనిషికి పెద్ద దెబ్బ తగిలింది. ఏమనాలో నాకు తెలియక దూరం దూరంగా తిరుగుతున్నాను. రోజూ భుజం వంక మాత్రం చూస్తుంటాను."

ఆవిడ గోడకి జారగిలబడి నేల మీద కూర్చుండిపోయింది. కళ్ళనీళ్ళు ఫోను మీద పడ్డాయి.

"ఏం రాశాడే?"

"రోజూ చదువుతారుగా మీరు."

"కింద రాసినవి నాకెక్కడ కనిపిస్తాయమ్మా."

ఆవిడ మొహం తుడుచుకుని లేచి, ఫోను అత్తగారి చేతికిచ్చేసింది. కుర్చీ మీది చొక్కా తీసుకుని వెనక గదిలోకి వెళ్ళి దుప్పటి లాగేసింది. నూనె చుక్క వేసి, యూనిఫాం నీలానికి సరిపోయే దారం వెతికి సూదికెక్కించింది. మొదటిసారి దారం తెగింది. చెయ్యి మరిచిపోయిందేమోనని భయం వేసింది. రెండోసారి మిషను కదిలింది. ఆ చప్పుడు ఇల్లంతా పరుచుకుంది. సోఫాలో పెద్దావిడ కునికిపాట్లు పడసాగింది. కిటికీ బయట మంచు విడిపోయి, ఎదురు మేడకి కింది అంతస్తులు తిరిగొచ్చాయి.

మధ్యాహ్నం ఆయన వచ్చేసరికి ఆవిడే తలుపు తీసింది. చేతిలో కుట్టిన చొక్కా. భుజం మీద చిన్న నీలం పోగు.

ఆయన దాన్ని చూశాడు. చెయ్యి లేచింది, సగంలో ఆగింది, మళ్ళీ కదిలింది. "పోగు అంటుకుంది, ఉండు," అన్నాడు. రెండు వేళ్ళతో దాన్ని తీశాడు.

"పారేయకండి," అంది ఆవిడ. "తెరకి అంటించుకోండి. నేనింక తుడవను."

ఆయన తలెత్తి చూశాడు. పేజీలు చూసేసిందని అర్థమైంది. "తీసేస్తానని అన్నాను కదా…"

"నేనేదో అంటాను, మీరేదో అంటారు. అన్నీ చేసేస్తామా ఏమిటి?"

ఆయన బల్ల దగ్గర కూర్చున్నాడు. పోగుని టేపుతో తెర అంచున అంటించాడు. ఆవిడ పక్క కుర్చీ లాక్కుంది. ఏమీ ఎరగనట్టు భుజానికి భుజం ఆనించి కూర్చుంది.

"ఇంకో మాట చేరుస్తాను," అన్నాడు. "నువ్వే చెప్పు. ఏం రాయను?"

ఆవిడ తెర అంచున పోగు వంక చూసింది. "మా ఆవిడ కొట్టు పోయిందని రాయండి. చాలా ఏడ్చిందని కూడా రాయండి, ఎవరేమనుకుంటే నాకేం. ఇవాళ మిషను మీద దుప్పటి తీసిందని రాయండి."

ఆయన అలాగే రాశాడు, ఒక్క అక్షరం మార్చకుండా.

కాసేపటికి సోఫాలోంచి నిద్రమత్తు గొంతు వినిపించింది. "అమ్మాయ్, ఒకసారి ఇటు చూడు. వీడి పేజీకి మళ్ళీ రంగొచ్చింది."