ఎవరి తాలూకు?

నా భార్య ఊనా పోయిన రోజునే నా పేరు కూడా పోయింది. ఏప్రిల్ నెల, రేవులో ఇంకా మంచుపలకలు తేలుతున్నాయి. మా ఊళ్ళో నన్ను హెడ్లీ అని పిలిచే మనిషి ఆమె ఒక్కతే. ఇరవై రెండేళ్ళుగా ఇక్కడి బడిలో పాఠాలు చెబుతున్నాను. తక్కిన అందరికీ, నాకంటే పెద్దవాళ్ళకి కూడా, నేను సారునే.

ఆ తర్వాత ‘పాపం సారు’నయ్యాను. రొట్టెలు తెచ్చి ఇచ్చారు, కట్టెలు కొట్టి పెట్టారు. వాళ్ళ ప్రేమలో లోటు లేదు. ఒకసారి దుకాణంలో ఎవరో అన్న మాటకి నవ్వాను. నలుగురూ తిరిగి చూశారు. నవ్వు సగంలోనే ఆపేశాను. నవ్వు వచ్చే చోట్లకి వెళ్ళడం కూడా మానేశాను.

క్రిస్మస్ వెళ్ళాక పన్నెండు రోజులు మా న్యూఫౌండ్లాండ్ తీరంలో మారువేషాలు వేసుకుని ఇళ్ళకి వెళతారు. మొహాన ముసుగు, చేతులకి తొడుగులు. గొంతు పోల్చుకోకుండా ఊపిరి లోపలికి పీలుస్తూ మాట్లాడాలి. ఇంటివాళ్ళు ఎవరో కనుక్కుంటే ముసుగు తీయాలి. కనుక్కోలేకపోతే అలాగే వెళ్ళిపోవచ్చు.

పక్కింటి ఎఫీ అత్తకి ఎనభై ఏళ్ళు. ఆ పన్నెండు రోజుల్లో ఒక మధ్యాహ్నం తన పాత గౌను తెచ్చి నా ఒళ్ళో పడేసింది. ఈ ఏడాది బాగుండదని చెప్పాను.

“సారు వస్తే బాగుండదు నాయనా. వచ్చింది సారని ఎవరికి తెలుస్తుంది?” అంది.

ఎదకి దిండు కట్టి, మొహాన కిటికీ తెర కప్పి, నన్ను డల్సీ ఇంటికి నడిపించింది.

డల్సీ మా తపాలా ఆఫీసు చూసుకుంటుంది. భర్త ఎల్డన్ పడవతో పాటు మునిగిపోయి తొమ్మిదేళ్ళు. అన్నేళ్ళుగా ఊరికి ఆమె ఎల్డన్ భార్యే. కిటికీ దగ్గర ఉత్తరాలు అందుకోవడం తప్ప మా మధ్య మాటలు లేవు.

వంటగదిలో అకార్డియన్ మోగుతోంది. ఎఫీ అత్తని దగ్గుని బట్టి గుమ్మంలోనే పట్టేశారు. నన్ను పట్టలేకపోయారు. గార్ఫీల్డ్ అన్నారు, లైటుహౌసు జాబెజ్ అన్నారు. సారు అని మాత్రం ఎవరూ అనలేదు. సారు ఇంట్లో కూర్చుని దుఃఖపడుతుంటాడని అందరికీ తెలుసు.

“ఎవరి తాలూకు నువ్వు?” డల్సీ నడుం మీద చేతులు పెట్టుకుని అడిగింది. మా ఊళ్ళో ఎవరినైనా ముందు అడిగే మాట అదే.

“ఎవరి తాలూకూ కాదు,” అన్నాను, ఊపిరి పీలుస్తూ.

“బాగుంది. దిక్కులేని అవ్వా, పాటకి అడుగు వేయడమైనా వచ్చా మరి?”

వచ్చినట్టు వేశాను. దిండు పొట్ట మీదికి జారింది. దాన్ని పట్టుకోబోయి తూలాను, ఆమె నన్ను పట్టుకుంది. నవ్వేశాను. ఏప్రిల్ తర్వాత అంత నిండుగా నవ్వింది అప్పుడే.

డల్సీ చేయి నా భుజం మీద ఆగింది. తెర దగ్గరికి వంగింది.

“తెలిసిపోయింది,” అంది మెల్లగా. “చెప్పనులే. చెబితే ముసుగు తీయాలి. తీస్తే నువ్వు మళ్ళీ పాపం సారువి, నేను మళ్ళీ ఎల్డన్ భార్యని. ఈ పాట అయ్యేదాకా ఇలాగే ఉందాం.”

పాట అయ్యాక ఓడిపోయానని అందరి ముందూ ఒప్పుకుంది. నా తొడుగు చేతిలో కేకు ముక్క పెట్టి పంపింది.

ఆ తెర కింద నవ్వినవాడు సారు కాదు, భార్య పోయినవాడూ కాదు. అలాగని నాకు కొత్తవాడూ కాదు. ఊనాకి తెలిసినవాడు వాడే.

జనవరిలో, సమాధి రాయి చెక్కేవాడికి ఉత్తరం వేయడానికి వెళ్ళాను. చిరునామా చూసి, ఏం చెక్కమన్నారని డల్సీ అడిగింది. ‘ఊనా, హెడ్లీకి ప్రియమైన భార్య’ అని చెప్పాను.

ఆమె ఉత్తరం మీద ముద్ర వేయలేదు. నా వెనక ఇద్దరు నిలబడి ఉన్నారు. అయినా గొంతు తగ్గించలేదు.

“భార్య అన్న పేరుతోనే నేను తొమ్మిదేళ్ళుగా బతుకుతున్నాను,” అంది. “ఎవరూ చూడనప్పుడు ఆవిడ ఎలా ఉండేదో అది రాయండి సారూ.”

ఊనా వంటింటి కిటికీలోంచి సముద్రపు కాకులతో పోట్లాడేదని, వాటిలో ఒకదాన్ని బిషప్పు గారూ అని పిలిచేదని చెప్పాను. వెనక ఎవరో నవ్వారు. నేనూ నవ్వాను. ఈసారి ఆపుకోలేదు.

డల్సీ ఉత్తరం తిరిగి నా చేతిలో పెట్టింది.

“ఆదివారం టీకి రండి. మిగతాది చెబుదురు గాని. ముసుగు అక్కర్లేదు.”

“వస్తాను డల్సీ,” అన్నాను, మొదటిసారి పేరు పెట్టి. వెనక ఉన్న ఇద్దరూ విన్నారంటే ఊరంతా విన్నట్టే.

ఇప్పటికి ఐదు ఆదివారాలు వెళ్ళాను. ఆమె ఎల్డన్ గురించి చెబుతుంది, నేను ఊనా గురించి చెబుతాను. ఒక్కోసారి ఇద్దరం ఎవరి గురించీ మాట్లాడం. అలవాటు కొద్దీ ఆమె ఇంకా సారూ అనే అంటుంది. ఇప్పుడది బరువుగా లేదు.

రాతి మీద ఏం చెక్కించాలో ఇంకా తేల్చుకోలేదు. డల్సీకి చెప్పవలసిన మనసులో మాట కూడా ఇంకా చెప్పలేదు.