జుట్టు తడిసేలోపు

జుమానా జుట్టు కత్తిరించుకుని వచ్చింది. పోయిన గురువారం దాకా నడుము మీద ఆడిన జడ మెడ దగ్గరే ఆగిపోయింది.

మా క్లబ్బు గుమ్మం దగ్గర కాపలా ఉండే జిర్జీస్ ముందు చూశాడు. "నయీమన్, అమ్మాయ్!" అన్నాడు. కింది అంతస్తులో పాత పాటలు వింటూ కూర్చునే ముసలాళ్ళు గ్లాసులెత్తి "నయీమన్!" అన్నారు. నడి అంతస్తులో స్పీకర్ల మోతకి ఒకరి మాట ఒకరికి వినపడదు. అందుకే జంటలన్నీ అక్కడ పోట్లాడుకోకుండా ఉంటాయి. వాళ్ళూ పెదాలు కదిపి అదే మాట అన్నారు.

మా బీరూట్‌లో అంతే. ఎవరైనా జుట్టు కత్తిరించుకుని వచ్చినా, స్నానం చేసి వచ్చినా, సుఖంగా ఉండమని "నయీమన్" అనాలి. పసివాడు తుమ్మితే చిరంజీవ అన్నట్టు. అనకపోతే పగవాడి కింద లెక్క.

జుమానా అందరికీ "నీకూ ఆ సుఖం దక్కాలి" అని బదులిచ్చుకుంటూ పైన కప్పులేని మేడ మీదికి వచ్చింది. అక్కడ నా బార్ కౌంటర్‌కి ఆనుకుని నదీమ్ నిలబడి ఉన్నాడు.

చూశాడు. నోరు తెరిచాడు. మూశాడు.

"వచ్చావా?" అన్నాడు.

"లేదు, ఇంకా దారిలోనే ఉన్నాను" అంది జుమానా. గిరుక్కున తిరిగి వెళ్ళిపోయింది.

వెనకే వచ్చిన ఆమె పినతల్లి కూతురు రోలా ఆగి, వాణ్ణి ఎగాదిగా చూసింది. "ఏం డాక్టర్, ఒకసారి కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళిరాకూడదూ?"

నదీమ్ పళ్ళ డాక్టరు. పగలంతా ఊళ్ళోవాళ్ళ నోళ్ళు బాగుచేస్తాడు, తన నోరు మాత్రం పెగలదు. జుమానా టీవీలో పిల్లల కార్టూన్లకి గొంతు ఇస్తుంది. పగలు కుందేలు, సాయంత్రం పులి. వేసవంతా ఇద్దరూ ప్రతి గురువారం ఈ మేడ మీద దబ్కే ఆట వరసలో పక్కపక్కనే నిలబడి, చెయ్యీ చెయ్యీ పట్టుకుని, నేల అదిరేలా అడుగులేశారు. పాట ఆగగానే వీడు ఆ చెయ్యి వదిలేసి, నా దగ్గరికొచ్చి నిమ్మరసం తాగి, ఇంటికి పోయేవాడు. ఫోన్ నంబరు కూడా అడగలేదు, దద్దమ్మ.

ఇది ఆఖరి గురువారం. వానలు దగ్గరపడ్డాయని యజమాని రేపట్నుంచి మేడ మూసేస్తున్నాడు. మళ్ళీ తెరిచేది మే నెలలోనే. దబ్కే లేకపోతే జుమానా ఈ గుమ్మం తొక్కదు. అన్నాళ్ళు ఏ అమ్మాయీ ఎవడికోసమూ ఆగదు. నాకు బాగా తెలుసు.

అందుకే ఈరోజు చెప్పేయాలని వాడూ తయారై వచ్చాడు. కొత్త చొక్కా, కొత్త క్రాఫు. మగాళ్ళకి నయీమన్‌తో పాటు మెడ మీద ఒక చరుపు కూడా ఇస్తాం. మూడు అంతస్తుల చరుపులూ తిని వాడి మెడ దానిమ్మ గింజలా ఉంది.

డోలు మోగింది. వరస కట్టారు. జుమానా ఆ చివరికి పోయి, ఒక పక్క రోలా చెయ్యి, ఇంకో పక్క ఎవరో మీసాలాయన చెయ్యి పట్టుకుంది.

"నేనేం చేశాను బాబాయ్?" అన్నాడు నదీమ్.

"ఏమీ చెయ్యలేదు. అదే గొడవ. నయీమన్ అనలేదు."

వాడు తల పట్టుకున్నాడు. "అయ్యో! ఆ మెడ చూశాక మాట రాలేదు బాబాయ్."

"జడ పోయిందని ఏడుపా?"

"జడా? తిరిగినప్పుడల్లా నా మొహం మీద కొట్టేది. వేసవంతా దాని వెనకే దాక్కుంది ఆ మెడ."

"ఛీ, ఈ కబుర్లు నాకెందుకురా? పోయి ఆమెతో చెప్పు."

"ఊరంతా అన్నాక ఇప్పుడు నేనంటే చల్లారిన కాఫీలా ఉండదూ?"

"తల తడిసేదాకా నయీమన్ చెల్లుతుందని మా అమ్మ అనేది. నీళ్ళు పడ్డాయా, కొత్త జుట్టు పాతబడినట్టే. ఇంకా టైముంది, రేపు ఆమె తల..."

టప్.

కౌంటర్ మీద చినుకు పడింది. ఇద్దరం పైకి చూశాం. సముద్రం మీంచి ఒక నల్ల మబ్బు మా మేడ మీదికే వచ్చి కూర్చుంది.

నదీమ్ నా చేతిలోని ట్రే లాక్కున్నాడు. దాని మీది గ్లాసులు ఎటు పోయాయో వాడికి పట్టలేదు. పరిగెత్తి దబ్కే వరసని నట్టనడుమ తెంపేశాడు. ముందు నిలబడి పూసల దండ తిప్పుతూ ఆట నడిపిస్తున్నవాడు "ఏయ్, ఎవడ్రా?" అని అరిచాడు. డోలు ఆగింది.

నదీమ్ ఆ ట్రే జుమానా తలమీద పట్టి నిలబడ్డాడు. చినుకులు దానిమీద టపటపమన్నాయి.

"ఏమిటిది?" అంది జుమానా.

"ట్రే."

"కనపడుతోంది. నా నెత్తిన ఎందుకుంది?"

"నువ్వు తడవకూడదు. నేనింకా చెప్పలేదు."

"ఏం చెప్పలేదు?"

"నయీమన్."

"అమ్మయ్య, పన్ను ఊడింది!" అంది రోలా.

జుమానా నవ్వలేదు. నయీమన్‌కి ఇవ్వాల్సిన బదులూ ఇవ్వలేదు. "అందరూ అన్నాక ఆఖర్న గుర్తొచ్చిందా? బాగాలేదనేగా?"

"మరీ బాగుంది. అందుకే నోరు పడిపోయింది. కానీ ఆఖరివాణ్ణయ్యాను చూడు, అదే నా బాధ." ట్రే ఇంకో చేతికి మార్చుకున్నాడు. "ఇకమీదట నువ్వు తలస్నానం చేసి బయటికి వచ్చిన ప్రతిసారీ మొదటి నయీమన్ నాదే కావాలి."

స్నానాల గది తలుపు ముందు ఆ మాట మొదట అనేదెవరు? ఇంట్లో మనిషేగా.

"ఒరేయ్, పెళ్ళాడతానంటున్నాడు!" అని అరిచాడు మీసాలాయన, ఎవరికైనా అర్థం కాలేదేమోనని.

జుమానా ట్రే కింద నుంచి ఒక అడుగు పక్కకి వేసింది. వాన ధారగా దిగింది. పొట్టి జుట్టు నుదుటికి అంటుకుపోయింది.

"ఇదిగో, తడిసిపోయింది" అంది. "ఇక చెల్లదు."

"ముందే అన్నాను! బాబాయ్, సాక్ష్యం చెప్పు!"

"విన్నానమ్మాయ్" అన్నాను. నాకెందుకొచ్చిన గొడవ?

జుమానా వాడి కళ్ళలోకి చూసింది. ఈసారి కుందేలూ కాదు, పులీ కాదు, తన సొంత గొంతు. "నీకూ ఆ సుఖం దక్కాలి, నదీమ్. ఇద్దరికీ."

అని, చెయ్యెత్తి వాడి మెడ మీద ఫెడీమని ఒక్క చరుపు చరిచింది.

"నయీమన్! నువ్వూ కత్తిరించుకొచ్చావని రాగానే చూశాను. ముందు నువ్వంటావేమోనని ఊరుకున్నా."

"అబ్బా, మెల్లిగా! మూడు అంతస్తులూ కొట్టారు."

"అలవాటు చేసుకో."

డోలు మళ్ళీ మోగింది. వానలోనే వరస కట్టారు. పాట అయిపోయినా ఆ రెండు చేతులూ విడిపోలేదు.

తరువాతి గురువారం మేడకి తాళం. నేను కింది అంతస్తు కౌంటర్ దగ్గర గ్లాసులు తుడుస్తున్నాను. ఎదురుగా నదీమ్ గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాడు. దబ్కే లేకపోయినా జుమానా వచ్చింది. అప్పుడే తలస్నానం చేసినట్టుంది, చివర్లనుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

అలవాటుగా నోరు తెరిచాను.

"ఆగు బాబాయ్!" అని నదీమ్ కౌంటర్ మీంచి చెయ్యి చాపి నా నోరు మూశాడు. "మొదటిది నాది."

అన్నాడు. ఆమె బదులిచ్చింది.

రెండోది నేనన్నాను. ఎవరూ వినలేదు.